మృతి, హతం, ఒక పితూరీ

ప్రాంతీయ వార్తా విభాగం అధికారి గారికి నమస్కారం.

అమలాపురం దగ్గర లంక ఊరు మాది. పొద్దున్నే టీ కొట్టు దగ్గర మీ వార్తలు వింటాం. మొన్న గాజా మీద ఒకే బులెటిన్‌లో ఒక వైపు వాళ్లను ‘చంపేశారు’, రెండో వైపు వాళ్లు ‘మృతి చెందారు’. గుండెపోటుతోనూ మృతి చెందుతారు కదండీ! బాంబు వేసినవాడు వాక్యంలోంచే మాయమైపోయాడు.

న్యూస్ ఏజెన్సీల ఇంగ్లిషు కాపీని హడావుడిగా తెలుగు చేసే టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ మన భాషలో చిక్కు ఇంకా ఎక్కువ. హతం, మృతి, అసువులు బాశారు, వీరమరణం... ఏ మాట వేశారో అక్కడే తీర్పు అయిపోతుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపి రష్యా దాన్ని ‘ప్రత్యేక సైనిక చర్య’ అంది. ఆ మాట రష్యాదని చెప్పి వాడితే వార్త, చెప్పకుండా వాడితే వకాల్తా. బీబీసీ హమాస్‌ను తన మాటగా ‘ఉగ్రవాదులు’ అనదు, ఎవరన్నారో చెబుతుంది. దాని మీద 2023లో బ్రిటన్‌లో పెద్ద గొడవే అయిందనుకోండి.

గోదావరి వాళ్లకు ఇదేం కొత్త కాదు. 1879లో, మళ్లీ 1922లో రంప మన్యం తిరగబడితే తెల్లదొరల కాగితాల్లో అది ‘పితూరీ’. ఇవాళ మా ఇంట్లో పిల్లలు ఒకరి మీద ఒకరు చెప్పుకునే చాడీ కూడా పితూరీయే.

నేను అడిగేది చిన్నదే. చంపిందెవరో తెలిస్తే పేరు చెప్పండి, తెలియకపోతే తెలియదనండి. రెండు వైపుల చావులకూ ఒకే మాట వాడండి. రేపు పొద్దుటి బులెటిన్‌ కూడా వింటాం.

ఇట్లు,
కోనసీమ శ్రోత