అణు భద్రతను చూసే మండలి ఎవరికి జవాబు చెప్పాలి?

సంపాదకులకు,

అణుశక్తి రంగంలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతిస్తూ 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం గురించి పత్రికల్లో వచ్చినవన్నీ వీలైనంత శ్రద్ధగా చదువుతున్నాను. పెట్టుబడి ఎవరు పెడతారు, ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరి నెత్తిన పడుతుంది, కరెంటు ధర ఎంతవుతుంది అన్న విషయాల మీద చర్చ బాగానే సాగింది. అదే చట్టంతో అణుశక్తి నియంత్రణ మండలికి, అంటే ఏఈఆర్‌బీకి, పుట్టిన నలభై రెండేళ్లకు చట్టబద్ధమైన హోదా వచ్చిందన్న సంగతి మాత్రం చాలాచోట్ల ఒకటి రెండు వాక్యాలతో సరిపోయింది. ఆ వాక్యాల దగ్గరే కాస్త ఆగి మాట్లాడదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెలంగాణలో అణు విద్యుత్ కేంద్రమే లేనప్పుడు నల్లగొండలో కూర్చున్నవాడికి ఆ మండలితో పనేమిటని అడగవచ్చు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి రిటైరైన వాడిని. మన పట్టణాల్లో సందు సందుకూ కనిపించే ఎక్స్‌రే గదులు, సీటీ స్కాన్ కేంద్రాలు, క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ ఇచ్చే యంత్రాలు అన్నీ ఆ మండలి పరిధిలోకి వచ్చేవే. రియాక్టరును దూరం నుంచైనా చూడనివారు కూడా ఏదో ఒకరోజు చొక్కా విప్పి ఎక్స్‌రే ప్లేటుకు ఛాతీ ఆనించి నిలబడతారు.

పనిలో చేరిన కొత్తలో, ఊరూ పేరూ చెప్పను గానీ, ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఉండేవాణ్ణి. కింద మందుల దుకాణం, మెట్లెక్కితే ఓపీ, దాని పక్కనే ఎక్స్‌రే గది. సీసపు రేకు తొడగాల్సిన తలుపు మామూలు ప్లైవుడ్‌ది. దానికి అవతల గోడవారగా వేసిన బల్ల మీద గర్భిణులు, చంటిపిల్లల తల్లులు తమ వంతు కోసం కూర్చునేవారు. మా ఒంటికి ఎంత రేడియేషన్ తగులుతున్నదో కొలవడానికి టీఎల్‌డీ బ్యాడ్జీలు ఉండేవి. వాటిని లెడ్ ఏప్రాన్ లోపల ఛాతీ మీద పెట్టుకుని పనిచేయాలి, మూడు నెలలకోసారి ప్రయోగశాలకు పంపాలి. పోగొడితే మళ్లీ డబ్బు కట్టాలన్న భయంతో మా యజమాని వాటిని సొరుగులో పెట్టి తాళం వేసేవాడు. మూడు నెలలు నిండగానే సొరుగులోంచే నేరుగా కవరులోకి ఎక్కేవి. రిపోర్టు ప్రతిసారీ సున్నా దగ్గరే వచ్చేది, దాన్ని తెచ్చి కౌంటరు వెనక గోడకు అతికించేవారు. నిజం చెప్పాలంటే ఆ కాగితంలో అబద్ధమేమీ లేదు. సొరుగులో రేడియేషన్ లేదు కాబట్టి లేదనే రాసి వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలో నాకు అప్పుడు తెలియదు. తెలిసినా ముంబై అణుశక్తినగర్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాసే ధైర్యం ఆ వయసులో ఉండేదా అన్నది అనుమానమే.

అది ఒక్క నర్సింగ్ హోం కథ కాదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 2012లో కాగ్ ఈ మండలి పనితీరుపై ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో పనిచేస్తున్న 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో మండలి దగ్గర నమోదైనవి 5,270 మాత్రమే, అంటే నూటికి తొంభై ఒకటి లెక్కలోనే లేవు. ప్రతి రాష్ట్రంలో రేడియేషన్ భద్రతకు ఒక డైరెక్టరేట్ ఉండాలని 2001లోనే సుప్రీంకోర్టు ఆదేశిస్తే, అప్పటికి అది ఏర్పడింది కేరళలో, మిజోరంలో మాత్రమేనని అదే నివేదిక చెప్పింది. ఇక శిక్షల సంగతి చూస్తే, అప్పటికి అమల్లో ఉన్న 1962 నాటి అణుశక్తి చట్టం కింద నిబంధనలు మీరినవారికి వేయగలిగిన జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. ఇద్దరు ముగ్గురు రోగులకు ఎక్స్‌రే తీస్తే ఆ డబ్బు తిరిగి వచ్చేసేది. ఆ తర్వాత ఈ-లోరా అనే ఆన్‌లైన్ లైసెన్సు విధానం వచ్చి పరిస్థితి చాలా మెరుగుపడిందని కూడా ఒప్పుకోవాలి. నేను రిటైరయ్యే నాటికి పనిచేసిన గదికి లైసెన్సు ఉంది, తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉంది, తలుపుకు సీసం ఉంది, బ్యాడ్జీ నా ఒంటి మీదే ఉంది. మండలిలో పనిచేసేవారి సామర్థ్యాన్నో నిజాయితీనో శంకించడం నా ఉద్దేశం కాదు. వారిని ఎక్కడ కూర్చోబెట్టామన్నదే నా ప్రశ్న.

1983 నవంబరులో ఏఈఆర్‌బీ ఏర్పడింది కేంద్రం జారీ చేసిన ఒక ఉత్తర్వుతో. అది నివేదించుకోవలసింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్‌కు అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శే. యురేనియం కోసం భూమికి బోర్లు వేసే అణు ఖనిజ సంచాలకత్వం, తవ్వి తీసే యురేనియం కార్పొరేషన్, హైదరాబాద్‌లో దాన్ని ఇంధనంగా మార్చే అణు ఇంధన సముదాయం, దానితో కరెంటు చేసే అణు విద్యుత్ కార్పొరేషన్, ఇవన్నీ ఆ కార్యదర్శి కిందివే. ఎవరి పనికి అడ్డు చెప్పాలో వారి పెద్ద దగ్గరికే ఫైలు పట్టుకుని వెళ్లాలన్నమాట. 1993 నుంచి 1996 దాకా మండలి అధ్యక్షుడిగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ మన అణు కేంద్రాల్లో సరిచేయాల్సిన భద్రతా లోపాలను 130గా గుర్తించిన నివేదిక తన హయాంలోనే తయారైందని చెబుతూ, ఈ అమరిక మారాలని పదవి దిగాక ఎన్నోసార్లు బాహాటంగా రాశారు. ఉత్తర్వుతో పుట్టినదాన్ని ఉత్తర్వుతో కత్తిరించవచ్చు. 2000లో జరిగింది అదే. భాభా అణు పరిశోధన కేంద్రం యూనిట్లను ఒక ఉత్తర్వుతో మండలి పరిధి నుంచి తప్పించారు.

ఇటువంటి అమరిక ఎక్కడికి దారితీస్తుందో జపాన్ చూసింది. 2011 మార్చిలో ఫుకుషిమా కేంద్రాన్ని సునామీ ముంచెత్తిన నాటికి అక్కడి అణు భద్రతా సంస్థ, అణు విద్యుత్తును ప్రోత్సహించే ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వశాఖలోనే ఒక విభాగంగా ఉండేది. ఆ దేశ పార్లమెంటు నియమించిన స్వతంత్ర విచారణ సంఘం 2012లో నివేదిక ఇస్తూ, ఇది మనుషులు తెచ్చుకున్న విపత్తు అనీ, ప్రభుత్వం, నియంత్రణ సంస్థ, విద్యుత్ కంపెనీ ఒకరితో ఒకరు కుమ్మక్కైన ఫలితమనీ తేల్చింది. ఆ ఏడాదే వారు ఆ విభాగాన్ని రద్దుచేసి కొత్త సంస్థను పెట్టుకున్నారు. అమెరికా అయితే ఆ పని 1974లోనే చేసింది. ప్రోత్సాహమూ నియంత్రణా ఒకే కమిషన్ చేతిలో ఉండరాదని దాన్ని రెండుగా విడగొట్టింది. ఈ రెండు పనులనూ వేరుచేస్తామని అంతర్జాతీయ అణు భద్రతా ఒప్పందం కింద మన దేశం 2005లోనే మాట ఇచ్చింది. ఫుకుషిమా తర్వాత 2011లో లోక్‌సభ ముందుకు వచ్చిన అణు భద్రత ప్రాధికార సంస్థ బిల్లు ఆ సభతోపాటే 2014లో కాలం చేసింది.

మా జిల్లాకు ఇది పుస్తకాల్లో విషయం కాదు. నాగార్జునసాగర్ జలాశయాన్ని ఆనుకుని ఉన్న లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం తవ్వడానికి 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. శుద్ధి కర్మాగారాన్ని మొదట దుగ్యాల దగ్గర పెడతామన్నారు, తర్వాత దేవరకొండ వైపు శేరిపల్లి దగ్గర అన్నారు. దుగ్యాలకు దగ్గరలోనే అక్కంపల్లి రిజర్వాయరు ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెలకూ, హైదరాబాద్ నగరానికీ కృష్ణా నీళ్లు వెళ్లేది అక్కడి నుంచే. కంటికి కనిపించని, నాలుకకు తెలియని విషం నీళ్లలో ఉంటే దాన్ని ఒప్పించుకోవడానికే ఎన్నేళ్లు పడుతుందో ఆ ఫ్లోరైడ్ బాధ పడిన మర్రిగూడ మనిషికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ తర్వాత 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు అడవిలోని చెంచు గూడేల (పెంటల) నుంచి హైదరాబాద్ దాకా ఆందోళన లేచింది, ఆ సెప్టెంబరులో నల్లమలలో తవ్వకాలు వద్దని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

మా మేనమామది సాగర్ వెనక జలాల వైపు ఊరు. ఎనభై దాటిన మనిషి, నేను వెళ్లినప్పుడల్లా మంచంలో లేచి కూర్చుని ఒకటే అడుగుతాడు: "తవ్వెటోడు మంచిగనే ఉంటదంటడు, నువ్వు రేడియేషన్ల పనిచేసినోనివి గద అల్లుడా, వాడు చెప్పింది నిజమో కాదో చూసెటోడు వేరే ఎవడన్న ఉన్నడా?" ఉన్నారు మామా, ముంబైలో ఒక మండలి ఉంది, గని పెట్టాలన్నా కర్మాగారం కట్టాలన్నా రేడియేషన్ భద్రత చూసి అనుమతి ఇవ్వాల్సింది వాళ్లేనని చెబుతాను. "వాళ్ల సార్ ఎవలు మల్ల?" అంటాడు. కాగ్ నివేదిక చదవని మనిషి అసలు ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోతాడు.

నేను యురేనియానికీ అణు విద్యుత్తుకూ పుట్టు వ్యతిరేకిని కాను. రేడియేషన్‌తోనే నా కుటుంబానికి అన్నం పెట్టాను, జాగ్రత్తగా వాడితే దానితో ఎంత మేలు జరుగుతుందో రోజూ కళ్లారా చూశాను. పెద్దగట్టులోనూ అమ్రాబాద్‌లోనూ జనం ఎదురుతిరిగినప్పుడు వారికి విజ్ఞానం తెలియదని, ఎవరో రెచ్చగొట్టారని మాట్లాడినవారు ఉన్నారు. భద్రంగా ఉంటుందని చెబుతున్నవాడూ తవ్వుతానని వచ్చినవాడూ ఒకే శాఖ మనుషులైనప్పుడు నమ్మకపోవడమే తెలివైన పని కాదా?

కొత్త చట్టంతో మండలిని ఒక ఉత్తర్వుతో కత్తిరించే వీలు పోతే అది మేలే, సందేహం లేదు. కానీ చట్టంలో పేరు ఎక్కినంత మాత్రాన స్వతంత్రత రాదు, అది నియమావళిలోనూ అమలులోనూ తేలుతుంది. మండలి అధ్యక్షుణ్ణి, సభ్యులను ఎంపిక చేసే కమిటీలో అణుశక్తి శాఖ పాత్ర ఉండకూడదు. పదవీకాలం పూర్తయ్యేలోగా తొలగించాలంటే కారణం పార్లమెంటు ముందు పెట్టాలి. బడ్జెట్టు ఆ శాఖ పద్దులోంచి కాక విడిగా రావాలి, వార్షిక నివేదిక నేరుగా ఉభయ సభలకు వెళ్లాలి. ఇక ముందు ప్రైవేటు కంపెనీలు కూడా వస్తాయి గనుక, మండలిలో సంతకం పెట్టిన అధికారి రిటైరైన మర్నాడే అదే కంపెనీలో సలహాదారుగా తేలకుండా కొన్నేళ్ల విరామం తప్పనిసరి చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, కొలతలు. గని దగ్గర, శుద్ధి వ్యర్థాలు నిలవచేసే టెయిలింగ్ పాండ్ పక్కన ఉన్న బావుల నీటిని పరీక్షించే ప్రయోగశాల తవ్వే సంస్థది కాకూడదు, దాని సోదర సంస్థది కూడా కాకూడదు. నా బ్యాడ్జీని కొలిచే యంత్రంలో లోపం లేకపోయినా తాళం చెవి ఎవరి దగ్గర ఉందన్నదే అక్కడ ఫలితాన్ని నిర్ణయించింది.

ఢిల్లీ మాయాపురిలో 2010లో జరిగింది కూడా మరిచిపోరాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి వాడకుండా పడేసిన, రేడియేషన్ వెలువరించే కోబాల్టు ఉన్న గామా పరికరాన్ని పాత సామాను కింద వేలం వేస్తే, తుక్కు దుకాణంలో దాన్ని విప్పినవారిలో ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. అది ఏ రియాక్టరులోనో జరిగిన పేలుడు కాదు. కోబాల్టు ఎక్కడెక్కడ ఉందో వరుసగా వెళ్లి చూసుకునే మనుషులు లేక జరిగిన ప్రమాదం. దక్షిణాది ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంటే మిర్యాలగూడలోనో వనపర్తిలోనో ఉన్న యంత్రాన్ని చూడటానికి ఎవరు, ఎన్నేళ్లకోసారి వస్తారు? హైదరాబాద్‌లో తనిఖీ అధికారులతో కూడిన రాష్ట్ర డైరెక్టరేట్ ఉండాలి, జిల్లాకు ఒకరైనా శిక్షణ పొందిన మనిషి ఉండాలి. మన శాసనసభ్యులు 2019లో తీర్మానం చేసినంత ఏకగ్రీవంగా దీన్ని కూడా అడగవచ్చు.

మీ పత్రిక ద్వారా మన పార్లమెంటు సభ్యులకు మరొక చిన్న విన్నపం. మండలి తనిఖీ నివేదికలు, అనుమతి షరతులు ఆయా ప్రాంతాల భాషలో, మన దగ్గర తెలుగులో, గ్రామ పంచాయతీ గోడకు కనిపించేలా చేయమని నియమావళిలో రాయించండి. ప్రతి ఎక్స్‌రే గది తలుపు మీద వెలిగే ఎర్ర బల్బు కింద ఆ గది లైసెన్సు ఏ తేదీతో ముగుస్తుందో, ఫిర్యాదు ఏ నంబరుకు చెప్పాలో తెలుగులో రాసిన బోర్డు పెట్టించండి. బయట బల్ల మీద కూర్చున్న తల్లి అది చదువుకుని ఫోను చేస్తే అవతల తెలుగులో పలికే మనిషి ఉండాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఎక్స్‌రే టెక్నీషియన్,
నల్లగొండ