ఉపకార వేతనం తరగతి గది గడప దాటాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

తక్కువ ఆదాయమున్న కుటుంబాల పిల్లల ఉన్నత విద్య గురించి ఎక్కడ చర్చ జరిగినా అది ఫీజు, వసతి, పుస్తకాలు అనే మూడు పద్దుల చుట్టూనే తిరుగుతుంది. ఆ మూడూ అత్యవసరమైనవే. వాటిని సాధించిపెట్టినవారికి మనమంతా రుణపడి ఉన్నాం. అయితే విశ్వవిద్యాలయంలో విద్యార్థి గడిపే కాలంలో తరగతి గదికి పోయేది కొంత భాగమే. నలుగురిలో నిలబడి మాట్లాడటం, ఒక పనిని నెత్తిన వేసుకుని చివరిదాకా నడిపించడం, తన ఇంటివారికి ఏమాత్రం పరిచయం లేని రంగాలవారితో చనువుగా మెలగడం ఎక్కువగా అలవడేది నాటక బృందంలో, చర్చా వేదికపై, క్రీడా జట్టులో, విద్యార్థి పత్రికలో, సేవా శిబిరంలో, వేసవి ఇంటర్న్‌షిప్‌లో. వీటికయ్యే ఖర్చు ఉపకార వేతనాల లెక్కలోకి రాకపోవడం వల్ల ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు విద్యార్థులు రెండు వేర్వేరు చదువులు చదివి బయటికి వెళుతున్నారు. ఈ లోటు గురించి, దాన్ని పూడ్చే తీరు గురించి మీ పాఠకులతో కొన్ని మాటలు పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లు విశ్వవిద్యాలయంలో బోధిస్తూ విద్యార్థుల చర్చా బృందానికి బాధ్యుడిగా ఉన్నాను. ఒక సంవత్సరం మా బృందంలో అందరికంటే పదునుగా వాదించే విద్యార్థి అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి ఎంపికయ్యాడు. ప్రయాణ ఖర్చు, ప్రవేశ రుసుము విద్యార్థే ముందుగా చెల్లించి, తిరిగి వచ్చాక బిల్లులు సమర్పిస్తే కార్యాలయం ఆ మొత్తాన్ని చెల్లించే పద్ధతి అప్పట్లో ఉండేది. బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఆ అబ్బాయి జ్వరంగా ఉంది, రాలేనండీ అని చెప్పాడు. నేను నమ్మాను, అతని స్థానంలో మరొకరిని పంపాను. అది జ్వరం కాదని, చేబదులు అడగడానికి అతనికి ఎవరూ లేకపోయారని, అడగడానికి మనసొప్పనూ లేదని నాకు చాలా నెలల తర్వాత అతని స్నేహితుడి ద్వారా తెలిసింది. ఆ రోజు అతన్ని పక్కకు పిలిచి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది కదా అన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ సంఘటన తర్వాతే బిల్లులు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతిని నేను నిశితంగా గమనించడం మొదలుపెట్టాను. కాగితం మీద అది అందరినీ సమానంగా చూస్తుంది. ఎవరు వెళ్లినా అంతే మొత్తం, ఎవరికైనా అవే రసీదులు. కానీ చేతిలో డబ్బున్నవాడికి అది కొన్ని వారాల ఆలస్యం మాత్రమే. లేనివాడికి మొదటి మెట్టే అందదు. పైగా డబ్బు తిరిగి రావడానికి పట్టే కాలంలో ఇంట్లో అద్దె ఆగదు, మందుల ఖర్చు ఆగదు. నిధులు ఉన్న చోట కూడా అవి అవసరమైనవారిని చేరకపోవడానికి ఇదొక ప్రధాన కారణమని నా అనుభవం చెబుతోంది. చాలా సంస్థల్లో ఈ పద్దు కింద కేటాయించిన సొమ్ము ఏడాది చివర మిగిలిపోతే దాన్ని విద్యార్థులకు ఆసక్తి లేకపోవడంగా రాసుకుంటారు, మరుసటి ఏడాది కేటాయింపు తగ్గిస్తారు.

రుసుములు, ప్రయాణం, దుస్తులు, పరికరాలు కంటికి కనిపించే ఖర్చులు. కనిపించని ఖర్చు సమయం. సాయంత్రం ఐదు గంటలకు నాటక సాధన మొదలయ్యే వేళకే దుకాణంలోనో ట్యూషన్ సెంటర్‌లోనో పనికి చేరవలసిన విద్యార్థికి సభ్యత్వ రుసుము మాఫీ చేసినా ఒరిగేది లేదు. అతను సాధనకు వస్తే ఆ పూట కూలి పోతుంది, రాకపోతే బృందంలో చోటు పోతుంది. అమ్మాయిల విషయంలో దీనికి ఇంటి పని, చిన్నవారి ఆలనాపాలనా కూడా తోడవుతాయి. విద్యార్థి ఎంత లోతుగా పాలుపంచుకుంటే అంతగా నేర్చుకుంటాడని, విద్యార్థి సమయమే సంస్థకున్న అత్యంత విలువైన వనరు అని అమెరికా విద్యావేత్త అలెగ్జాండర్ ఆస్టిన్ 1984లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఉన్నత విద్యా రంగంలో సుపరిచితమే. అందులో ఆయన గుర్తు చేసిన మరో సంగతి ఇంతకంటే ముఖ్యమైనదిగా నాకు తోస్తుంది: క్యాంపస్‌లోనే చేసే పార్ట్ టైమ్ పని విద్యార్థిని చదువులో నిలబెడుతుంది, బయట చేసే పూర్తికాలపు ఉద్యోగం అతన్ని చదువుకు దూరం చేస్తుంది. సంపాదన తప్పనిసరైన విద్యార్థికి ఆ సంపాదన ఎక్కడ దొరుకుతుందన్నది అందువల్ల సంస్థ పట్టించుకోవలసిన విషయమే అవుతుంది.

ఇందులో మరొక అన్యాయం ఇమిడి ఉంది. అనేక విశ్వవిద్యాలయాలు విద్యార్థులందరి దగ్గరా కార్యకలాపాల రుసుమును తప్పనిసరిగా వసూలు చేస్తాయి. ఇలాంటి రుసుము చెల్లుబాటు గురించి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అభిప్రాయాలను బట్టి వివక్ష చూపకుండా పంచినంతవరకు అటువంటి రుసుము వసూలు చేయవచ్చని 2000 సంవత్సరంలో కోర్టు తీర్పు ఇచ్చింది. రుసుము ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు. కానీ అందరూ సమానంగా కట్టిన సొమ్ముతో నడిచే సంఘాల్లో పనికి పోనవసరం లేనివారే ఎక్కువగా పాల్గొనగలిగితే, పనికి పోయే విద్యార్థి కష్టార్జితంలో కొంత భాగం తనకంటే కలిగినవారి పర్యటనలకు వెళుతోందని ఒప్పుకోక తప్పదు.

పాఠ్యేతర విషయాలకు ఉద్యోగ జీవితంలో నిజంగా అంత విలువ ఉందా అని అడిగేవారికి లారెన్ రివేరా, ఆండ్రాస్ టిల్చిక్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనాన్ని చూపించవచ్చు. అమెరికాలోని 147 పెద్ద న్యాయవాద సంస్థలకు చెందిన 316 కార్యాలయాలకు వారు కల్పిత విద్యార్థుల దరఖాస్తులు పంపారు. చదువు, మార్కులు, పని అనుభవం అన్నింటిలోనూ ఒకటే. తేడా ఉన్నదల్లా ఇంటిపేరు, అందుకున్న అవార్డులు, పాఠ్యేతర ఆసక్తులు వంటి చిన్న వివరాలలోనే. ఒకరి దరఖాస్తులో పడవ పందేలు, పోలో, శాస్త్రీయ సంగీతం ఉంటే మరొకరి దానిలో పరుగు పందేలు, ఫుట్‌బాల్, జానపద ధోరణి సంగీతం ఉన్నాయి. సంపన్న నేపథ్యాన్ని సూచించిన పురుష అభ్యర్థులకు 16 శాతానికి పైగా ఇంటర్వ్యూ పిలుపులు రాగా, సామాన్య నేపథ్యాన్ని సూచించిన పురుష అభ్యర్థులకు వచ్చినవి సుమారు 1 శాతం. మహిళా అభ్యర్థులలో ఫలితం వేరుగా ఉంది. అక్కడ సంపన్న నేపథ్యం లాభించలేదు. ఈ అధ్యయనం చదివాక నాకు కలిగిన ఆలోచన ఏమిటంటే, పేద విద్యార్థులకు ఏదో ఒక వ్యాపకం ఉచితంగా అందించి చేతులు దులుపుకోవడం చాలదు. ఖరీదైనవిగా పేరుపడిన కార్యకలాపాల తలుపులు కూడా వారికి తెరవాలి. అదే సమయంలో దరఖాస్తులో వ్యాపకాల జాబితాను చూసి మనిషిని అంచనా వేసే యజమానులు తమ పద్ధతిని మార్చుకోవాలి. రాత్రి షిఫ్టులో పనిచేస్తూ పట్టా పొందిన విద్యార్థి క్రమశిక్షణను ఏ క్రీడా జట్టు నాయకత్వంతో పోల్చినా తక్కువగా చూడకూడదు.

ఇది అసాధ్యమైన పని ఏమీ కాదు. అమెరికా చట్టసభ 2000లో చేసిన చట్టం ద్వారా ఏర్పడిన గిల్మన్ స్కాలర్‌షిప్, పెల్ గ్రాంట్ అనే ప్రభుత్వ సాయం పొందుతున్న విద్యార్థులకు విదేశాల్లో చదువుకోవడానికి సాధారణంగా 5,000 డాలర్ల వరకు ఇస్తుంది. పెల్ గ్రాంట్ అందుకుంటూ ఉండటమే అందులో ఆర్థిక అర్హత. పేదరికాన్ని మరోసారి మరో కార్యాలయంలో రుజువు చేసుకోనక్కరలేదు. యూరప్‌లో 1987లో మొదలైన ఎరాస్మస్ కార్యక్రమం ప్రస్తుతం వెనుకబడిన నేపథ్యం గల విద్యార్థులకు దీర్ఘకాలిక విదేశీ విద్యకు మామూలు సాయంపై నెలకు 250 యూరోలు అదనంగా ఇస్తోంది. అందరికీ ఒకే మొత్తం ఇస్తే అది అందరికీ ఒకేలా సరిపోదన్న గుర్తింపు అందులో ఉంది. అమెరికా అధ్యక్ష కార్యాలయం సైతం తన ఇంటర్న్‌లకు 2022 శరత్కాలం నుంచి జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. జీతం లేని ఇంటర్న్‌షిప్ సామాన్య కుటుంబాల యువతను దూరం పెడుతోందన్నది అప్పుడు ముందుకు వచ్చిన ప్రధాన కారణం.

వీటి నుంచి విశ్వవిద్యాలయాలు వెంటనే చేపట్టదగినవి కొన్ని కనిపిస్తున్నాయి. ఉపకార వేతనం మంజూరైన ప్రతి విద్యార్థికీ వేరే దరఖాస్తు లేకుండా, కార్యకలాపాల ఖర్చు కోసం కొంత మొత్తం సంవత్సరం ఆరంభంలోనే ఖాతాలో జమ కావాలి. తనకు సాయం కావాలని చర్చా బృందం నాయకుడైన సహవిద్యార్థి దగ్గర నోరు తెరిచి చెప్పుకోవలసిన పరిస్థితి ఉండకూడదు. ఆ ఒక్క సంకోచంతోనే వెనక్కి తగ్గినవారిని నేను ఎందరినో చూశాను. పోటీలకు, శిబిరాలకు వెళ్లే వారి టికెట్లు, బస సంస్థే నేరుగా కొనాలి. విద్యార్థి పత్రిక సంపాదకత్వం, నాటక నిర్వహణ, జట్ల సమన్వయం వంటి ఎక్కువ గంటలు పట్టే బాధ్యతలను క్యాంపస్ ఉద్యోగాలుగా గుర్తించి గౌరవ వేతనం చెల్లించాలి. విద్యార్థుల క్యాంపస్ ఉద్యోగాలకు ప్రభుత్వమే నిధులిచ్చే పథకం అమెరికాలో 1964 నుంచే ఉంది కాబట్టి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. సాధనలన్నీ సాయంత్రాలకే పరిమితం చేయకుండా కొన్నింటిని పగటి వేళకు మార్చడానికైతే డబ్బు కూడా అక్కరలేదు.

ఫీజులకే నిధులు చాలనప్పుడు నాటకాలకు, ఆటలకు ఎక్కడ తెస్తారని కొందరు అంటారు. ఆ ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. ఫీజు సాయంలో ఒక్క రూపాయి తగ్గించి ఈ పద్దుకు మళ్లించాలని కూడా నేను కోరడం లేదు. అయితే ఇదే విశ్వవిద్యాలయాలు తమ ప్రచార పత్రికలలో మొదటి పేజీన అచ్చువేసుకునేవి వేదికల మీది, మైదానాలలోని ఫొటోలే. చేరబోయే విద్యార్థికి ఆ జీవితాన్ని చూపించి ఆహ్వానించిన సంస్థ, తీరా చేరాక అందులోకి అడుగుపెట్టే ఖర్చు నీదేనని అనడం న్యాయంగా లేదు. ఆ సొమ్ములో కొంత పూర్వ విద్యార్థుల విరాళాల నుంచి రావచ్చు, కొంత తప్పనిసరి రుసుములోంచే కేటాయించవచ్చు.

అన్నిటికంటే ముందు ఒక లెక్క బయటికి రావాలి. ఉపకార వేతనం పొందుతున్న విద్యార్థులలో ఎందరు ఏదైనా ఒక సంఘంలోనో జట్టులోనో ఉన్నారు, వారిలో ఎందరు నాయకత్వ స్థానాల్లో ఉన్నారు, మధ్యలో మానేసినవారు ఎందుకు మానేశారు అన్న వివరాలను ప్రతి విశ్వవిద్యాలయం తన వార్షిక నివేదికలో పేర్లు లేకుండా ప్రచురించాలి. ప్రవేశాల సంఖ్యను, ఉత్తీర్ణతా శాతాన్ని అడిగే విలేఖరులు ఇకపై ఈ సంఖ్యను కూడా అడగాలని మీ పత్రిక ద్వారా వినమ్రంగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు