ఒనకడిల్లీ సంత చరిత్రకు సాయపడిన వారికి కృతజ్ఞతలు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో లమ్తాపుట్ దాటాక వచ్చే ఒనకడిల్లీ అనే కొండ ఊరిని, అక్కడి గురువారపు సంతను గురించి తెలుగులో ఒక చిన్న పుస్తకం రాయడానికి సాయపడిన వారందరికీ జయపురం నుంచి నా హృదయపూర్వక నమస్కారాలు. పుస్తకం చిత్తుప్రతి పూర్తయింది. అందులో నా సొంతం తక్కువ, వారి మాటే ఎక్కువ కనుక ఈ నాలుగు మాటలు అందరి ముందూ చెప్పుకోవడం న్యాయమనిపించింది.

మొదటి కృతజ్ఞత మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయనకు. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాల ఒప్పందంతో మొదలై 1955లో ఉత్పత్తి ఆరంభించిన ఆ కేంద్రం గురించి కాగితాల్లో చాలానే దొరుకుతుంది. అయితే జలాపుట్ జలాశయం నుంచి వచ్చిన నీరు డుడుమ ఆనకట్ట వద్ద మళ్ళి, లోయ అడుగున ఉన్న ఆరు యూనిట్లను ఎలా తిప్పుతుందో, ఆ లోయలోకి తాడుతో లాగే వించ్ బండి మీద దిగి డ్యూటీ చేయడం ఎలా ఉంటుందో ఆయన చెబితేనే నాకు బోధపడింది. కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చిన కుటుంబాలు ఇక్కడే పిల్లల్ని పెంచి, సంతలో కూరగాయలు కొంటూ ఇక్కడి ఒడియా మాండలికమైన దేశియా నేర్చుకున్న సంగతులు చెబుతున్నంతసేపూ ఆయన శ్రీమతి పక్కనే కూర్చుని తేదీలు సరిదిద్దుతూనే ఉన్నారు. నిజానికి ఆ అధ్యాయానికి ఆమెనే సంపాదకురాలు అనాలి.

జలాశయం కింద ఊళ్ళు మునిగిన గదబ గిరిజన కుటుంబాల పెద్దలకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మనం దీపం వెలిగిందని రాసుకున్న సంవత్సరాలనే వారు పొలం పోయిన సంవత్సరాలుగా లెక్కపెట్టుకుంటారు. అయినా నా ప్రశ్నలకు ఓపికగా బదులు చెప్పి, చోడి అంబలి పోసి పంపారు. వారు చెప్పినదాన్ని మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు రాశాను.

సంత రోజున నాతో నడిచి, దేశియాలోనూ రెమోలోనూ మాటలు కలిపిన బోండా తెగ యువకుడికి ప్రత్యేక ధన్యవాదాలు. ముదులిపడ వైపు కొండల నుంచి దిగివచ్చే బోండాల రెమో, గదబల గుతోబ్, డిడాయిల గ్తా ఒకే ముండా భాషా కుటుంబానికి చెందినవైనా, బేరం దగ్గర అందరినీ కలిపేది దేశియా ఒడియానే. గదబల్లోనే మరో శాఖ వారి ఒల్లారి మన తెలుగుకు చుట్టమైన ద్రావిడ భాష. అడ్డాకులు, కొండ చీపుళ్ళు, చింతపండు, జీలుగు కల్లు ఒకవైపు, ఉప్పు, ఎండు చేపలు, పూసలు, నూనె మరోవైపు చేతులు మారే తీరును ఆ అబ్బాయి వివరించకపోతే నేను ధరల పట్టీ రాసుకుని సంతోషించేవాణ్ణి. పూసలు, ఇత్తడి కంటెలు ధరించిన స్త్రీల ఫోటోలు పుస్తకంలో వేయకూడదన్న సలహా కూడా అతనిదే. ఫోటోలు లేకపోతే ఎవరు కొంటారని అడిగిన మిత్రులున్నారు. నా నిర్ణయం మారదు.

తరతరాలుగా సంతవీధిలో దుకాణం నడుపుతున్న కోమటి కుటుంబం తమ పాత చిట్టాలను చూడనిచ్చింది. ఈ ప్రాంతమంతా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాకు, జయపురం సంస్థానానికి చెందినది. అందుకే పాత లెక్కల్లో తెలుగు అంకెలు, ఒడియా పేర్లు ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆంధ్రలోని ముంచంగిపుట్టు వైపు నుంచి వచ్చే వ్యాపారులకు, మాకు రెండు రాష్ట్రాల సరిహద్దు నేటికీ వంతెన దాటడమంత తేలికే అని ఆ ఇంటి పెద్దావిడ నవ్వుతూ అన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి విరివిగా విరాళాలిచ్చిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి ప్రస్తావన కూడా ఆమె నోటి నుంచే వచ్చింది.

బస్సుల వేళలు చెప్పి, వర్షంలో చోటిచ్చిన టీ దుకాణం వదినకు, రాత్రి బస ఏర్పాటు చేసిన బడి మాస్టారుకు కూడా రుణపడి ఉన్నాను. పేర్లు రాయవద్దని పలువురు కోరడం వల్ల ఎవరి పేరూ రాయలేదు. అచ్చుకు పంపే ముందు ప్రతి అధ్యాయాన్నీ దాని మూలమైన వారికి చదివి వినిపిస్తాను. దేశియాలో వినవలసిన పెద్దలకు బడి మాస్టారు వినిపించడానికి ఒప్పుకున్నారు.