గల్లాపెట్టె సంగతీ అడగండి

సంపాదకుల వారికి,

వ్యాపారంలో నెగ్గిన మహిళల మీద మీరు వేసే కథనాలు వదలకుండా చదువుతాను. అన్నిట్లోనూ 'ఇష్టంతో మొదలుపెట్టాను' అన్న మాటే. పచ్చళ్లు పెట్టడమంటే నాకూ ఇష్టమే. కానీ ఆవకాయకు ఏడాదికి ఒక్కటే సీజన్. కాయ, కారం, నూనె అన్నీ ఆ కొద్దిరోజుల్లోనే నగదు పెట్టి కొనాలి. అమ్మకం మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది. అందుకే రోజూ రాత్రి గల్లా లెక్క చూసుకుని, వచ్చే వేసవి పెట్టుబడి వేరే ఖాతాలో వేస్తాను. ఉప్పయినా కాటా మీద తూచాల్సిందే. చుట్టాలకైనా అరువు లేదు (మా ఆడపడుచు ఇంకా అలిగే ఉంది).

1959లో ముంబయిలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్‌లోనూ ఇలాంటి కట్టుబాటే. అప్పడాలు ఎవరింట్లో వాళ్లు ఒత్తుతారు, పిండి మాత్రం కేంద్రంలోనే కలుపుతారు.

జీఎస్టీ కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద నిర్ణీత శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే మూడు నెలలకోసారి, తర్వాతి నెల 18లోగా పన్ను కట్టాలి. ఇది తెలియక టెన్షన్ పడేవాళ్లు మాలో ఎందరో. ఈసారి విజేతల ఫొటోతో పాటు వాళ్ల లెక్కల పుస్తకం గురించి కూడా రెండు ప్రశ్నలు అడిగించండి.

- ఒక పచ్చళ్ల వ్యాపారి, తెనాలి