చర్మ డాక్టరంటే అందానికేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో చర్మ డాక్టర్ల గురించి వేసిన పేజీ చూసి నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టక రాస్తున్నాను. పేజీ నిండా లేజర్లు, మంగు మచ్చలు, జుట్టు నాటడం. తామర ఊసే లేదు. చెన్నై ఉక్కకి, చెమటకి ఏ వీధిలో చూసినా గోక్కునేవాళ్లే, దాని గురించి నాలుగు లైన్లు రాయడానికి చోటు లేకపోయిందా అండీ?

మా ఆయనది అంబత్తూరులో లేత్ మిషను మీద పని. పొద్దస్తమానం నిలబడే ఉంటారు, బెల్టు కింద బట్ట తడిసిందే గాని ఆరేది లేదు. నడుం దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రగా లేస్తే వీధి చివర మెడికల్ షాపువాడు డాక్టరు చీటీ కూడా అడక్కుండా ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. నాలుగు రోజుల్లో దురద పోయింది, రాయడం మానేశారు, మళ్లీ వచ్చింది. ఇలా మూడు ట్యూబులు అయ్యేసరికి తొడల దాకా పాకి, చర్మం పల్చబడి చారలు పడి, ఆఖరికి నాకూ పిల్లాడికీ అంటుకుంది.

అప్పుడు వెళ్లాం సర్కారు ఆసుపత్రికి. డాక్టరమ్మ ముందు అడిగింది ఆ ట్యూబే. అందులో స్టెరాయిడ్ ఉందట. ఎరుపూ దురదా అణుగుతాయి, తామరకి కారణమైన ఫంగస్ మాత్రం చావదు, పైగా అక్కడి చర్మానికి దాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గి ఇంకా పాకుతుంది. బ్లేడుతో పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపులో చూసి మరీ చెప్పారు. ముగ్గురికీ వారాల తరబడి మందులు, తువ్వాళ్లు వేరువేరుగా, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయడం.

మా ముందు నెల్లూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన, ముంజేతి మీద పాలిపోయిన మచ్చ. కళ్లు మూసుకోమని దూదితో మెల్లగా తాకి "తెలుస్తోందా?" అంటే ఆయన ఉలకలేదు, పలకలేదు. కుష్టు. దానికీ ఎవరో ఏదో ఆయింట్‌మెంటు అంటగట్టారట! 6 నెలలో 12 నెలలో మందులు మింగితే నయమయ్యే జబ్బు, ఆ మందులు సర్కారే ఉచితంగా ఇస్తుంది, ఆలస్యం చేస్తే నరాలు చచ్చి వేళ్లు వంకర్లు పోతాయి. గజ్జి, సోరియాసిస్, బొల్లి, సుఖవ్యాధులు, కుష్టు, ఇవన్నీ చూసే డాక్టరుని మీరు బ్యూటీ పార్లరు పక్కన కూర్చోబెట్టారు.

స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది. మా ట్యూబు మీద, చీటీ ఉంటేనే అమ్మాలని చెప్పే ఎర్ర గీత కూడా ఉంది. హెల్మెట్ లేదని ఫైన్ వేయడానికి మలుపుకొకరు ఉంటారు, షాపులో చీటీ ఏదని అడగడానికి ఇన్నేళ్లలో ఒక్క ఇన్‌స్పెక్టరు మా వీధికి రాగా నేను చూడలేదు. ఏ ఆఫీసుకి ఫోన్ చేసినా మాది కాదు అనే మాటే. మీరైనా ఆ ఎర్ర గీత ఫొటో వేసి, అది దేనికో నాలుగు ముక్కలు రాయండి.

మా ఆయనకి ఇంకా మూడు వారాల మాత్రలు మిగిలాయి. ఆ ట్యూబు ఇవాళ పొద్దున కూడా ఆ షాపులో అద్దం వెనక ముందు వరసలోనే ఉంది.

– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై