పట్టేశారు సార్

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది. కోప్పడకు. రెండుసార్లు రాయడం మొదలుపెట్టాను. ఒకసారి పేపర్లు దిద్దే పని పడింది, ఇంకోసారి కరెంటు పోయింది, తర్వాత ఆ కాగితం ఎక్కడ పెట్టానో దొరకలేదు. అమ్మ బాగానే ఉంది, మోకాలినొప్పి కాస్త తగ్గింది. చిన్నాడికి జ్వరం వచ్చి పోయింది. గోంగూర జాడీ సంగతి అడిగావు కదా, లేదు, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక ముందూ చెప్పను. క్షేమ సమాచారాలు ఇంతటితో సరి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ బడి కబడ్డీ జట్టులో ఉన్న ఆడపిల్లలు గ్రౌండులో పులులు, ఇంగ్లీషు పీరియడులో మాత్రం తల దించుకుని కూర్చుంటారు, ఏం చెయ్యమంటావని రాశావు. నీకు ఏం చెప్పాలా అని నెల రోజులు ఆలోచించాను. ఆ జవాబేదో మొన్న గురువారం మా పదో తరగతి పిల్లే ఒకతి చెప్పేసింది. అండర్-17 జట్టులో లెఫ్ట్ రైడర్, అంటే ఎదుటి కోర్టులోకి కూతకి వెళ్ళే పిల్ల. అది నీకు చెప్పేదాకా నాకు ఆగడం లేదు.

ఆ రోజు పాఠం పాసివ్ వాయిస్. ఎలా చెబుతామో నీకు తెలుసుగా. 'రాముడు రావణుని చంపెను', 'రావణుడు రాముని చేత చంపబడెను'. కర్మను ముందుకు తే, 'బి' రూపం పెట్టు, క్రియ మూడో రూపం రాయి, చివర 'బై' తగిలించు. పిల్లలు లెక్క చేసినట్టు చేసేస్తారు, పరీక్షలో మార్కులూ వస్తాయి. మర్నాడు అడిగితే గుర్తుండదు. ఎందుకు గుర్తుండాలిరా? 'చంపబడెను' అనే మాట ఆ పిల్లల ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? చేను మేకలచేత మేయబడెను అని ఏ రైతైనా అంటాడా? ఇంగ్లీషు రాని పిల్లకి ఎవరూ మాట్లాడని తెలుగు నేర్పి, దాని మీదుగా ఇంగ్లీషులోకి తీసుకెళుతున్నాం.

ఆ పిల్ల నోట్సులో ఏమీ రాయలేదు. సరేలే అని, నిన్న సాయంత్రం ఆట ఎలా ముగిసిందో చెప్పమ్మా అంటే, ఒక్క మాటలో "పట్టేశారు సార్" అంది. ఎవరు పట్టారంటే, "అందరూ. కార్నర్‌లో ఉన్న పిల్ల కాలు పట్టింది, కవర్‌లో ఉన్న పిల్ల నడుం పట్టింది, తర్వాత ఎవరు మీద పడ్డారో నేను చూడలేదు" అంది.

బావా, పాసివ్ అంటే అదేరా! 'పట్టేశారు' అన్నప్పుడు ఎవరు అన్నది చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. పట్టుబడింది తను, అవుటైంది తను, అదే ముఖ్యం. ఇంగ్లీషువాడు 'ఐ వాజ్ కాట్' అనేది సరిగ్గా ఈ సందర్భంలోనే. మన తెలుగులో దీనికి సాటి 'పట్టబడితిని' కాదు. 'పట్టేశారు', 'దొరికిపోయాను', అంతే. ఇది అందాక ఆ పిల్ల తనంతట తానే 'ఐ వాజ్ కాట్' అని రాసింది. 'బై' లేదు. వెనక బెంచీలో డిఫెండర్ పిల్ల లేచి, "మరి నేను చెప్పాలంటే సార్?" అంది. 'వీ కాట్ హర్.' రైడర్ నోట పాసివ్, డిఫెండర్ నోట యాక్టివ్, జరిగింది ఒకటే. నలభై మంది పిల్లలకి ఐదు నిమిషాల్లో ఎక్కేసింది.

మరి 'బై' ఎప్పుడు రాయాలి? దానికీ ఆటలోనే జవాబుంది. కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు రైడర్‌ని పట్టుకుంటే సూపర్ టాకిల్, అదనంగా ఒక పాయింటు. ఏడుగురు కలిసి పట్టినప్పుడు ఎవరు పట్టారన్నది ఎవరికీ పట్టదు. ఇద్దరే మిగిలినప్పుడు, అందులో ఒకతి చీలమండ పట్టి ఆపేస్తే, మర్నాడు ఊరంతా ఆ పిల్ల పేరే చెప్పుకుంటుంది. అప్పుడు 'షి వాజ్ కాట్ బై ద రైట్ కార్నర్' అని రాయాలి. పట్టినవాళ్ళ పేరు చెప్పాల్సినంత గొప్ప పని జరిగితేనే 'బై'. ఈ ఒక్క సూత్రం చెప్పు, మీ వాళ్ళు ప్రతి వాక్యం చివరా 'బై సమ్‌వన్', 'బై పీపుల్' అని అతికించడం మానేస్తారు.

ఇంకో సంగతి చెప్పనా. క్రియల చివర 'ఈడీ' పలకడంలో మూడు రకాలున్నాయి కదా, ఆ మూడూ కబడ్డీలోనే ఉన్నాయి. 'రెయిడ్' చివర డకారం ఉంది కాబట్టి 'రెయిడిడ్', అక్కడ ఒక అక్షరం పెరుగుతుంది. 'టచ్' చివర గొంతు మోగదు, అందుకని 'టచ్‌ట్'. 'టాకిల్' చివర గొంతు మోగుతుంది, అందుకని 'టాకిల్డ్'. మనవాళ్ళు మూడింటికీ 'ఎడ్' తగిలించి 'టచ్చెడ్', 'టాకిలెడ్' అంటారు. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి పలకమను. 'చ్' అన్నప్పుడు వేళ్ళకి ఏమీ తెలియదు, 'ల్' అన్నప్పుడు జిల్లుమంటుంది. దీనికి రెండు నిమిషాలు చాలు. కట్టు తప్పే క్రియలు కూడా ఆటలోంచే ఏరుకో. క్యాచ్-కాట్, హోల్డ్-హెల్డ్, ఫాల్-ఫెల్, విన్-వన్, లూజ్-లాస్ట్, హిట్-హిట్. ముందు ఈ ఆరు చాలు. గైడులో ఉన్న వంద ఒకేసారి ఇవ్వకు, 'క్యాచ్డ్' అని రాసే పిల్ల వంద చూడగానే పుస్తకం మూసేస్తుంది.

చదవడం గురించి కూడా అడిగావు. ఇక్కడే నేను చాలా రోజులు పొరపాటు పడ్డాను. ఆ పిల్ల కూత వినాలిరా, ముప్పై సెకన్లు తెగకుండా, మాట స్పష్టంగా, అంపైర్‌కి వినబడేలా. అదే పిల్ల ఇంగ్లీషు పేరా చదువుతుంటే రెండో వాక్యానికే ఆయాసం. బిడియం అనుకున్నాను. దగ్గర నిలబడి విన్నాక తెలిసింది, పేరా మొత్తం ఒకే దమ్మున చదవబోతోంది! కూతకి వెళ్ళినట్టే వెళుతోంది. ఎదుటి కోర్టులో కూత తెగితే అవుట్ అన్నది ఒంటికి పట్టేసింది, ఊపిరి తీసుకోవడమే తప్పనుకుంటోంది. చివరికి 'బికాజ్ హిజ్' దగ్గర దమ్ము అయిపోయి ఆగింది. 'హిజ్' ఒకచోట, 'సన్' ఇంకోచోట పడ్డాక అర్థం ఎక్కడుంటుంది?

దానికి మందు పెన్సిలు గీత. వాక్యంలో కలిసి ఉండే మాటలు రెండు నుంచి ఆరు ఒక గుంపు చేసి, గుంపు చివర చిన్న గీత పెట్టించు. 'ది ఓల్డ్ ఫార్మర్ / సోల్డ్ హిజ్ కౌ / బికాజ్ హిజ్ సన్ / నీడెడ్ మనీ'. ప్రతి గీతా మిడ్‌లైన్, అంటే కోర్టు మధ్య గీత, అని చెప్పు. మిడ్‌లైన్ దాటి మన కోర్టులోకి వచ్చాక ఊపిరి పీల్చుకోవచ్చు, ఎదుటి కోర్టులో ఉండగా వద్దు. ఈ మాట వాళ్ళకి ఇంకోసారి చెప్పక్కర్లేదు. ముందు నువ్వో, మీ ఇంగ్లీషు మాస్టారో ఒకసారి చదవండి, పిల్లలు వింటూ గీతలు పెట్టాలి. తర్వాత జంటలుగా చదవాలి, గుంపు మధ్యలో ఊపిరి తీస్తే పక్కపిల్ల చెయ్యెత్తాలి. ఆ తర్వాత ఒక్కతే చదవాలి. నాలుగోసారి గీతలు చెరిపేసి చదవాలి. చెరపకపోతే మాత్రం గీత లేని పేజీ వచ్చినప్పుడు మళ్ళీ మొదటికే వస్తారు. రోజుకి ఎనిమిది వాక్యాలు మించొద్దు.

నీకు గుర్తుందా, మన హాస్టల్ మేడ మీద రాత్రిపూట ఆ 'పదహారు మెట్ల పందెం'? అప్పుడు నీ దమ్ము చూసి వార్డెన్... సరే, అది మళ్ళీ మొదలుపెడితే ఈ ఉత్తరం అవ్వదు.

ప్రిపొజిషన్ల దగ్గరికి వస్తాను. ఇది గ్రౌండులోనే చెయ్యి, నల్లబల్ల వద్దు. ఆడపిల్లల కోర్టు పొడవు 12 మీటర్లు, వెడల్పు 8. మధ్య గీత నుంచి బాక్ లైన్ 3 మీటర్లు, అక్కడి నుంచి ఇంకో మీటరుకి బోనస్ లైన్, దాని వెనక 2 మీటర్లకి ఎండ్ లైన్. ఆ 8 మీటర్ల వెడల్పులోనే రెండు పక్కలా మీటరు చొప్పున లాబీ, అంటే పక్క పట్టీ. ఇవన్నీ నీకు తెలిసినవే. కానీ మూల సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూస్తున్నావు? సగం కోర్టు 6 బై 8 కదా, దాని ఐమూల సరిగ్గా 10 మీటర్లు ఉండాలి. 10 మీటర్ల తాడు కొలిచి ముడేసి ఉంచుకో. ఐమూల తేడా వచ్చిందంటే కోర్టు వంకర పోయినట్టే, సున్నం పొయ్యకముందే దిద్దుకోవచ్చు. మా లెక్కల మేడమ్ ఇది చూసి పైథాగరస్ సిద్ధాంతం అక్కడే చెప్పేసింది.

కోర్టు గీశాక పిల్లలని నిలబెట్టి అడుగు. 'ఆన్ ద లైన్', 'ఓవర్ ద లైన్', 'బిహైండ్ ద లైన్', 'ఇన్‌సైడ్ ద లాబీ'. బోనస్ పాయింటు రావాలంటే ఎదుట ఆరుగురో అంతకన్నా ఎక్కువమందో ఉండాలి, ముందు పాదం గీతని పూర్తిగా దాటాలి, వెనక కాలు గాలిలో ఉండాలి. పాదం గీత మీద పడితే బోనస్ లేదు. అంటే 'ఆన్'కీ 'ఓవర్'కీ మధ్య తేడా ఒక పాయింటు! మా పిల్లలు ఇప్పుడు రాతలో ఆ రెండూ తప్పు రాయడం లేదు. పాయింటు పోయిన బాధ తెలిసినవాళ్ళు కదా.

పోటీలకి వెళ్ళి వచ్చాక చదువు వెనకబడటం గురించి. మండలం, జిల్లా అంటూ తిరిగితే ఒక్కోసారి వరసగా నాలుగైదు రోజులు బడి పోతుంది. తిరిగొచ్చాక పక్కపిల్ల నోట్సు రాత్రంతా కూర్చుని ఎక్కిస్తారు. అది దండగ, ఒక్క వాక్యం బుర్రలోకి వెళ్ళదు. దాని బదులు చిన్న పుస్తకం ఇచ్చి పంపు. రోజుకి ఐదు వాక్యాలు రాయాలి. ఎక్కడ ఆడారు, ఎవరితో, ఎలా గెలిచారు లేక ఓడారు, అంతా జరిగిపోయిన కాలంలో, 'బై' లేని పాసివ్ ఒక్కటైనా ఉండాలి. పదో తరగతి పరీక్షలో డైరీ, న్యూస్ రిపోర్ట్, ఉత్తరం లాంటి డిస్కోర్సులు ఉంటాయి కదా, ఈ పుస్తకంలో వాటికి కావలసిన సరుకంతా చేరుతుంది. దిద్దేటప్పుడు ఒక రోజుకి ఒక్క రకం తప్పే దిద్దాలని మీ ఇంగ్లీషు మాస్టారికి చెప్పు. మొదటి వారం క్రియలు మాత్రమే. 'ఎ', 'ద' తప్పులు కళ్ళకి కనబడుతున్నా వదిలెయ్యాలి. పేజీ నిండా ఎర్రసిరా చూసిన పిల్ల మర్నాడు పుస్తకం ఇంట్లో మరిచిపోయి వస్తుంది.

పోటీల ఎంట్రీ ఫారాలు నువ్వు నింపకు, వాళ్ళచేతే నింపించు. ఇంటిపేరు ముందా వెనకా, పుట్టినతేదీ అంకెలు, అక్షరాల వరస, అన్నీ ఆధార్‌లోనూ బడి ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో వాళ్ళే సరిచూడాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అక్కడ బల్ల దగ్గర ఆపేస్తారు.

ఒక్కమాట, ఇది ఇంగ్లీషు గురించి కాదు. పోటీకి ముందు తూకంలో బరువు హద్దు దాటకూడదని మీ పిల్లలు ముందురోజు నుంచి అన్నం మానేస్తున్నారేమో కనుక్కో. మా వాళ్ళలో ఇద్దరు నీళ్ళు కూడా తాగలేదు. తూకంలో నెగ్గారు, ఆటలో రెండో సగానికి కాళ్ళు పీక్కుపోయాయి. పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం, ఖాళీ కడుపుతో ఎలా ఆడతార్రా? బరువు నెల ముందు నుంచే చూసుకుంటూ రావాలి. ఇది నువ్వు గట్టిగా చెప్పాలి.

ఆ లెఫ్ట్ రైడర్ పిల్ల సంగతి ఇంకోటుంది. మిరప కోతలకి వెళుతోంది, పదో తరగతి అవ్వగానే ఇంట్లో ఏదో అనుకుంటున్నారట... అది ఉత్తరంలో రాసేది కాదు, నువ్వొచ్చినప్పుడు మాట్లాడదాం. నువ్వు ఒకసారి వాళ్ళ నాన్నతో మాట్లాడితే వింటాడేమో. నిన్న ఆ పిల్ల తన పుస్తకంలో రాసిన చివరి వాక్యం చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. 'ఐ వాజ్ కాట్, బట్ ఐ టచ్డ్ ద మిడ్ లైన్.' చెయ్యి చాచి మిడ్‌లైన్ అందుకుందంటే పట్టినవాళ్ళందరూ అవుటే కదరా. ఆ 'బట్' నేను నేర్పింది కాదు, అది ఆ పిల్ల సొంతం.

ఇంకా చెప్పాలి, కామెంటరీ పద్ధతి ఒకటుంది. ఇద్దరు ఆడుతుంటే ఒకతి గీత బయట నిలబడి జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పాలి, అక్కడ మాత్రం వర్తమాన కాలం, 'షి క్రాసెస్, షి టచెస్', ఆ 'ఎస్' వదలకుండా... అదిగో బెల్లు కొట్టేశారు. తొమ్మిదో తరగతికి వెళ్ళాలి, అటెండర్ పోస్టు తీసుకెళ్ళడానికి గుమ్మంలో నిలబడ్డాడు. మిగతాది వచ్చే ఉత్తరంలో. చెల్లెమ్మకి అడిగానని చెప్పు. 10 మీటర్ల తాడు మరిచిపోకు.

నీ
బావ