ల్యాప్‌టాప్ దానమిచ్చేటప్పుడు తాళం కూడా తీసివ్వండి

సంపాదకులకు,

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసరు ఉండాలి. అందుకు పనికిరావని కంపెనీలు పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఆశ్రమాలకూ ట్రస్టు ఆఫీసులకూ చేరుతున్నాయి. అక్కడ అప్పటికే రెండు డెస్క్‌టాప్‌లు, ఎవరో అమెరికా నుంచి వస్తూ ఇచ్చిపోయిన మ్యాక్‌బుక్ ఒకటి, ఫీల్డ్ సిబ్బంది చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్లు ఉంటాయి. ‘ఇన్ని రకాలు మనవల్ల కాదు, అన్నీ తీసేసి ఒకే రకం కొందాం’ అని కమిటీ మీటింగులో ఎవరో ఒకరు అంటారు. ఆ డబ్బు పిల్లల ఫీజులకు ఉంచుకోండి. మెషీన్లు ఎన్ని రకాలున్నా ఆఫీసు నడుస్తుంది. ఫైళ్ల పద్ధతీ ఫాంటూ అందరికీ ఒకటే ఉండాలి, అంతే.

ముందు దాతలకు ఒక విన్నపం. మ్యాక్ ఇచ్చేవాళ్లు, పోయిన మెషీన్‌ని వెతికిపెట్టే ‘ఫైండ్ మై’ ఆపి, ఐక్లౌడ్ నుంచి సైన్ ఔట్ అయి ఇవ్వండి. అలా చేయకపోతే 2018 నుంచి వచ్చిన మోడళ్లలో చాలావాటికి యాక్టివేషన్ లాక్ పడుతుంది, పాత యజమాని పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోదు. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అది పోదు. కంపెనీ ల్యాప్‌టాప్‌లైతే బయోస్ పాస్‌వర్డ్ తీసేయాలి, కంపెనీ మెషీన్లు నమోదయ్యే మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ జాబితా నుంచి ఆ సీరియల్ నంబరు తొలగించమని మీ ఐటీ వాళ్లకు చెప్పాలి. లేదంటే విండోస్ కొత్తగా వేసినా నెట్ తగలగానే పాత కంపెనీ లాగిన్ అడుగుతుంది. క్రోమ్‌బుక్‌లదీ ఇదే కథ. విండోస్ ల్యాప్‌టాప్‌ల హార్డ్ డిస్క్ మాత్రం భద్రత కోసం మీరే ఉంచేసుకున్నా అభ్యంతరం లేదు, 240 జీబీ ఎస్ఎస్‌డీ వేసుకోవడం సంస్థకు పెద్ద పనేం కాదు.

4 నుంచి 7వ తరం వరకూ ఉన్న మెషీన్లకు ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెడితే ఆఫీసు పనికి నిక్షేపంగా సరిపోతాయి. ర్యామ్ కొనేముందు పాత స్టిక్ బయటికి తీసి దాని మీది అక్షరాలు చదవండి. 4వ తరం ల్యాప్‌టాప్‌లకు డీడీఆర్3ఎల్ కావాలి, 6, 7 తరాల్లో ఎక్కువగా డీడీఆర్4 ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదు. మింట్‌ని ముందు పెన్ డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, కెమెరా చూసుకుని అప్పుడు ఇన్‌స్టాల్ చేయాలి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే మొదట నెట్ దొరకకపోవచ్చు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే మింట్‌లోని డ్రైవర్ మేనేజరే ఆ డ్రైవరు తెచ్చుకుంటుంది.

ఒక్క మెషీన్ మాత్రం విండోస్ 11తో అకౌంటెంట్ దగ్గర ఉండాల్సిందే. లెక్కలు రాసే ట్యాలీ విండోస్ కోసం చేసింది. డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవరు, ప్రభుత్వ పోర్టల్ అడిగే సంతకం యుటిలిటీ విండోస్‌లో కుదిరినంత తేలిగ్గా ఇంకెక్కడా కుదరవు. దాతల వివరాలతో ఆదాయపు పన్ను శాఖకిచ్చే పత్రానికి (1961 చట్టంలో 10బీడీ) గడువు మే 31, విదేశీ విరాళాల వార్షిక లెక్క ఎఫ్‌సీ-4కి డిసెంబరు 31. ఆ రాత్రుళ్లు లినక్స్‌లో ట్యాలీని ఆడించే ప్రయోగాలు పెట్టుకోకండి.

ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ వేస్తే విండోస్‌లో గడియారం 5 గంటల 30 నిమిషాలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ గ్రీన్‌విచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుంటుంది. లోకల్ టైమే వాడమని లినక్స్‌కి ఒకసారి చెబితే సరి. తేదీ ఏకంగా ఏళ్ల వెనక్కి పోయి, బ్యాంకు సైటు భద్రం కాదని బ్రౌజరు మొరాయిస్తుంటే అది వేరే రోగం. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది. దానికి విండోస్ మళ్లీ వేయించి బిల్లు కట్టినవాళ్లున్నారు.

అసలు తలనొప్పి తెలుగుతోనే. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన అప్పీళ్లు, వార్షిక నివేదికలు ఇప్పటికీ సంస్థల డిస్కుల్లో ఉన్నాయి. వాటి లోపల ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లకు తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే ఆ తొడుగు ఊడి గజిబిజి బయటపడుతుంది. కన్వర్టర్‌తో ఒకేసారి, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌కి మార్చేసి, పాత ప్రింటు పక్కన పెట్టుకుని చదవండి. ఎక్కువగా తప్పేది వత్తుల దగ్గర, కొటేషన్ గుర్తుల దగ్గర.

యూనికోడ్‌కి వచ్చాక కూడా ఫాంటు ఎవరికి వాళ్లకు వదిలేయకూడదు. విండోస్ నిర్మలా యూఐ చూపిస్తుంది, మ్యాక్ కోహినూర్ తెలుగు, లినక్స్ లోహిత్ లేదా నోటో. ఒక్కోదానిలో అక్షరం వెడల్పు, వరుస ఎత్తు వేరు. లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీలో సరిపోయిన ఉత్తరం ఇంకో మెషీన్‌లో రెండో పేజీకి జారి, కార్యదర్శి సంతకం, స్టాంపు అక్కడ ఒంటరిగా నిలబడతాయి. నోటో సాన్స్ తెలుగు అన్నిట్లోనూ వేసి, ఉత్తరాల నమూనాలన్నీ దానిలోనే చేయండి. శీర్షికలకు రామభద్ర, మల్లన్న, మండలి ఉచితంగానే దొరుకుతాయి. ఇంగ్లీషులో క్యాలిబ్రి ఉన్నచోట లినక్స్‌లో కార్లిటో వేస్తే వెడల్పులు సరిగ్గా కలుస్తాయి. ప్రెస్‌కి మాత్రం ఎప్పుడూ పీడీఎఫ్ పంపండి.

లబ్ధిదారుల జాబితాల దగ్గర ఇంకా జాగ్రత్త. ఫోన్లలో నింపిన ఫారాల నుంచి దిగిన సీఎస్‌వీని (కామాలతో విడదీసిన జాబితా ఫైలు) డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో తెలుగు పేర్లు పిచ్చి గీతలవుతాయి, ఖాతా నంబర్ల ముందు సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలవుతాయి. సేవ్ చేశాక పోయినవి తిరిగి రావు. డేటా ట్యాబ్‌లోంచి ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా 65001 యూటీఎఫ్-8 ఎంచుకుని, నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టి తెరవాలి. ఎక్సెల్ బదులు ఉచితంగా వాడుకోగల లిబ్రె ఆఫీస్ ఈ ప్రశ్నలు తెరిచేటప్పుడే అడుగుతుంది, ఆ విషయంలో దానిదే మంచి అలవాటు. పాత మ్యాక్ ఎక్సెల్ ఫైళ్లు తేదీలను 1904 నుంచి లెక్కపెడతాయి, విండోస్‌వి 1900 నుంచి. మ్యాక్ దాంట్లోంచి విండోస్ దాంట్లోకి కాపీ చేస్తే పుట్టిన తేదీ 1,462 రోజులు వెనక్కి జరుగుతుంది. 57 ఏళ్ల ఆమె 61 అయిపోయి వృద్ధాప్య పింఛను జాబితాలో చేరుతుంది.

ఫైలు పేర్లలో ఇంకో చిక్కు ఉంది. మ్యాక్ పాత డిస్క్ ఫార్మాట్ ఐత్వాన్ని రెండు ముక్కలుగా, ఎత్వం ఒకటి, కింది గుర్తు ఒకటిగా విడదీసి రాసుకుంటుంది. అలా వచ్చిన ‘వైద్యం’, విండోస్‌లో కొట్టిన ‘వైద్యం’ కంటికి ఒకటే, కంప్యూటర్‌కి వేరు. ఒకే ఫోల్డరులో రెండూ ఉంటాయి, వెతికితే ఒకటే దొరుకుతుంది. బాధగానే ఉన్నా, ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెల్లో పెట్టుకోమనే చెబుతాం. తేదీ 2025-11-03 అన్నట్టు ముందు ఉండాలి, మధ్యలో కోలన్, ప్రశ్నార్థకం, స్లాష్ (/) ఉండకూడదు.

పెన్ డ్రైవులు ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఎన్‌టీఎఫ్ఎస్‌ని మ్యాక్ చదువుతుంది గానీ మామూలుగా రాయదు, ఫ్యాట్32లో 4 జీబీ వీడియో పట్టదు. పాత స్కానరు షేర్డ్ ఫోల్డరులోకి ఫైలు పంపలేకపోతే, దానికోసం విండోస్‌లో ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిని ఆన్ చేయమని ఎవరు చెప్పినా వినకండి. 2017లో ఫైళ్లకు తాళమేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ వ్యాపించింది ఆ దారిలోనే. స్కాన్‌ని ఈమెయిల్‌కి పంపేలా పెట్టుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చిన సంగతి తెలిసిందే. సీపీయూ నేల మీద, బ్యాకప్ డ్రైవు అదే గదిలో బీరువా కింది అరలో ఉంటే రెండూ ఒకేసారి మునుగుతాయి. విజయవాడ ఆఫీసు డ్రైవు ఒకటి గుంటూరులో, గుంటూరుది విజయవాడలో పెట్టుకుని నెలకోసారి మార్చుకోవచ్చు. డ్రైవు పోయినా అందులో ఉన్నది పరాయివాళ్లు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేయండి. మార్చుకున్న రోజు ఆ డ్రైవులోంచి ఒక ట్యాలీ బ్యాకప్, ఒక తెలుగు ఉత్తరం తెరిచి చూడండి. ట్యాలీని విండోస్‌లోనే చూడాలి, ఉత్తరాన్ని మాత్రం అది తయారైన మెషీన్‌లో కాకుండా ఇంకో రకం దానిలో.

ఇట్లు,
స్వచ్ఛంద సంస్థల్లో కంప్యూటర్లు చూసే కొందరం,
విజయవాడ